మౌంట్ కాని ఈఎక్స్‌టీ4 డిస్కు మీద ‘ఎఫ్‌ఎస్‌సీకే -వై’ నడపవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 4 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు, అందులో ఒకే పార్టిషన్, ఈఎక్స్‌టీ4. ఉబుంటులో ఫైళ్లు కాపీ అవుతుండగా కరెంటు పోయింది. మళ్లీ పెడితే ‘రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ సూపర్‌బ్లాక్’ అని చూపిస్తూ మౌంట్ కావడం లేదు, అంటే తెరుచుకోవడం లేదు. లోపల ఇంటి ఫోటోలూ, స్టూడియో పనీ ఉన్నాయి, ఇంకో కాపీ లేదు. తెలిసినవారు ఫైల్‌సిస్టమ్ లోపాలను సరిదిద్దే ‘ఎఫ్‌ఎస్‌సీకే -వై’ ఆదేశం నడిపితే సరిపోతుందన్నారు. నడపవచ్చా అని అడిగారు.

నడపవద్దు. కనీసం ఆ డిస్కు మీద నడపవద్దు. ముందుగా డిస్కు మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టుగా మరో డిస్కులోకి ఇమేజ్ తీయండి. ఆ తర్వాత ఏ ప్రయోగం చేసినా ఆ ఇమేజ్ మీదే చేయండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి డేటాలో ఎక్కువ భాగం లోపలే ఉండి ఉంటుంది. తహసీల్దారు కార్యాలయంలో అడంగల్ చిరిగినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు, ఏ గట్టు ఎక్కడుందో చెప్పే లెక్క పోతుంది. మీ డిస్కులో ఇప్పుడు చెడింది ఆ లెక్క, దాని మొదటి పేజీ లాంటిదే సూపర్‌బ్లాక్. పైగా దానికి నకళ్లు కూడా ఉన్నాయి.

(ఆదేశాల పేర్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు అన్నీ చిన్న అక్షరాలే. పెద్ద అక్షరం కావలసిన చోట విడిగా చెబుతాను.)

‘-వై’ మీద నాకు ఇంత అనుమానం ఎందుకంటే, ఎఫ్‌ఎస్‌సీకే పని మీ ఫోటోలను కాపాడడం కాదు. ఫైల్‌సిస్టమ్ లెక్కలు ఒకదానితో ఒకటి పొసగేలా చేయడమే దాని పని. ఒక ఐనోడ్‌లోని (ఒక ఫైలు ఎక్కడుందో చెప్పే నమోదు) వివరాలు పొంతన కుదరకపోతే దాన్ని తుడిచేయడం కూడా దాని దృష్టిలో పరిష్కారమే. ‘-వై’ అంటే అది అడిగే ప్రతి ప్రశ్నకూ చదవకుండానే అవును అనడం. డిస్కులో నిజంగా చెడిన సెక్టార్లు ఉంటే ఇది మరీ ప్రమాదం. ఒక బ్లాకు చదవడం కుదరనప్పుడు ఈ2ఎఫ్‌ఎస్‌సీకే (ఈఎక్స్‌టీ4 కోసం ఎఫ్‌ఎస్‌సీకే పిలిచే అసలు పనిముట్టు) ‘లోపాన్ని పట్టించుకోకుండా సాగనా?’ అని అడుగుతుంది, వెంటనే ‘ఆ బ్లాకును బలవంతంగా తిరిగి రాయనా?’ అని అడుగుతుంది. రెండింటికీ అవునంటే, ఇంకో నాలుగు ప్రయత్నాల్లో చదవగలిగి ఉండే బ్లాకు మీద చెత్త రాసేస్తుంది. అది ఐనోడ్ పట్టికలోని బ్లాకు అయితే ఒక్క దెబ్బకు పదహారు ఫైళ్ల ఆనవాళ్లు పోతాయి. 4096 బైట్ల బ్లాకులో 256 బైట్ల ఐనోడ్‌లు పడతాయి కనుక లెక్క అంతే.

మొదట తేల్చుకోవలసింది: చెడింది డిస్కా, ఫైల్‌సిస్టమా?

డిస్కు పెట్టిన వెంటనే డీమెసేజ్ (టైపు చేసేది డీఎమ్‌ఈఎస్‌జీ) ఆదేశం ఇచ్చి చివరి వరుసలు చూడండి. ‘ఐ/ఓ ఎర్రర్’, ‘మీడియం ఎర్రర్’, లింకు పదేపదే రీసెట్ అవడం కనిపిస్తే సమస్య డిస్కుదో, కేబుల్‌దో, పెట్టెలోని బోర్డుదో. అవేవీ లేకుండా ‘ఈఎక్స్‌టీ4-ఎఫ్‌ఎస్’ అని మొదలయ్యే వరుసలు మాత్రమే ఉంటే సమస్య ఫైల్‌సిస్టమ్‌ది. తర్వాత స్మార్ట్‌సీటీఎల్ -ఏ నడపండి. యూఎస్‌బీ పెట్టె అయితే ‘-డీ శాట్’ జోడించాల్సి రావచ్చు. ఆ పట్టికలో నేను చూసేది నాలుగు వరుసలే. 5 అంటే మార్చేసిన సెక్టార్లు, 197 అంటే చదవలేక పెండింగులో ఉన్నవి, 198 అంటే సరిదిద్దలేనివి, 199 అంటే డిస్కుకూ కంప్యూటర్‌కూ మధ్య రాకపోకల్లో దొర్లిన తప్పులు. 197 సున్నా కాకపోతే డిస్కు మీద నమ్మకం వదులుకోండి. 199 ఒక్కటే పెరుగుతూ ఉంటే కేబుల్ మార్చండి. ఒక ఆడిటర్ గారి ఆఫీసులో డిస్కు పోయిందని అందరూ తేల్చేసిన కేసులో మిగిలిన మూడూ సున్నాలే, 199 మాత్రం వందల్లో ఉంది. కొత్త కేబుల్ పెట్టగానే జర్నల్ (చేయబోయే మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) దానంతట అదే అమలై మౌంట్ అయింది.

డిస్కు టక్ టక్‌మని చప్పుడు చేస్తున్నా, తిరిగి ఆగిపోతున్నా ఇక ఏ సాఫ్ట్‌వేరూ వద్దు. తీసి డేటా రికవరీ ల్యాబుకు ఇవ్వండి. హెడ్‌లు చెడిన డిస్కును నడిపే ప్రతి నిమిషం పళ్లేల మీద గీతలు పడుతుంటాయి.

ఇక్కడ ఒక మాట. మీరు కరెంటు పోవడం వల్లే ఇలా అయిందని రాశారు. నాకు అది పూర్తిగా నమ్మబుద్ధి కావడం లేదు. ఈఎక్స్‌టీ4లో జర్నల్ ఉన్నది సరిగ్గా ఇలాంటి సందర్భం కోసమే. కాపీ మధ్యలో కరెంటు పోతే ఆ చివరి ఫైళ్లు సగంలో ఆగుతాయి తప్ప సూపర్‌బ్లాక్ గల్లంతు కావడం అరుదు. అలా అయిందంటే ఇంకేదో తోడై ఉంటుంది. రాశానని చెప్పి నిజానికి రాయని నాసిరకం యూఎస్‌బీ బోర్డు కావచ్చు, వోల్టేజి హెచ్చుతగ్గులకు డిస్కే దెబ్బతిని ఉండవచ్చు. లేదా మధ్యలో ఎవరో దాన్ని విండోస్ కంప్యూటర్‌కు పెట్టి, ‘ఇనిషియలైజ్’ అని అడిగితే సరేనని నొక్కి ఉండవచ్చు. ఇంట్లో ఒకసారి కనుక్కోండి. ఆ చివరిదే అయితే మీ అదృష్టం. విండోస్ అప్పుడు రాసేది డిస్కు మొదట్లోనూ చివర్లోనూ ఉండే పార్టిషన్ పట్టిక మాత్రమే, లోపలి ఈఎక్స్‌టీ4 జోలికి సాధారణంగా పోదు. టెస్ట్‌డిస్క్‌తో పాత పార్టిషన్ మొదలు ఎక్కడో వెతికితే చాలాసార్లు అంతటితో అయిపోతుంది.

అక్కడ ఈఎక్స్‌టీ4 ఉందన్నదే నిజమా? ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ చూడండి. ఏ ఆప్షన్లూ ఇవ్వకుండా వైప్‌ఎఫ్‌ఎస్ నడిపితే అది దేన్నీ చెరపకుండా ఉన్న గుర్తులను చూపిస్తుంది (-ఏ మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి, అది చెరుపుతుంది). నా దగ్గరికి ‘సూపర్‌బ్లాక్ పోయింది’ అని వచ్చిన డిస్కుల్లో కొన్నింటికి అసలు ఏ రోగమూ లేదు. ఎస్‌డీబీ1 ఇవ్వాల్సిన చోట ఎస్‌డీబీ ఇచ్చేవారు కొందరు. లోపల ఎల్‌వీఎమ్ (డిస్కు చోటును కలిపి పంచే పొర) ఉన్నా, లక్స్ ఎన్‌క్రిప్షన్ ఉన్నా దాన్ని తెరవకుండా నేరుగా మౌంట్ చేయబోయేవారు కొందరు. కొత్త లైనక్స్‌లో ఫార్మాట్ చేసిన డిస్కును పాత లైనక్స్‌లో పరీక్షిస్తే ‘ఫీచర్ సీ12 తెలియదు’ అని ఈ2ఎఫ్‌ఎస్‌సీకే మొరాయిస్తుంది. 2023లో వచ్చిన ఈ2ఎఫ్‌ఎస్‌ప్రోగ్స్ 1.47 నుంచి కొత్త ఫార్మాట్లలో కొన్ని అదనపు ఫీచర్లు డిఫాల్టుగా ఉంటున్నాయి, పాత పనిముట్లకు అవి తెలియవు. దానికి మందు కొత్త లైవ్ యూఎస్‌బీ.

ఇంకో విచిత్రమైన రకం ఉంది. పెట్టెలోని బోర్డు కాలిపోతే లోపలి డిస్కును తీసి నేరుగా డెస్క్‌టాప్‌కు తగిలిస్తాం. కొన్ని పెట్టెలు 512 బైట్ల సెక్టార్ల డిస్కును కంప్యూటర్‌కు 4096 బైట్ల సెక్టార్లదిగా చూపిస్తాయి. ఆ లెక్కలో 256వ సెక్టార్ దగ్గర మొదలైన పార్టిషన్ నిజానికి 256 × 4096, అంటే 10,48,576వ బైటు దగ్గర ఉంది. నేరుగా తగిలిస్తే కెర్నల్ 256 × 512, అంటే 1,31,072వ బైటు దగ్గర వెతుకుతుంది. అక్కడ ఏమీ దొరకదు, ‘బ్యాడ్ సూపర్‌బ్లాక్’ అంటుంది. జీపీటీ రకం పార్టిషన్ పట్టిక అయితే అసలు పార్టిషనే కనిపించదు. ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ ఇలాంటి డిస్కుకే మూడు దుకాణాలు తిరిగి వచ్చారు. లోసెటప్‌కు -ఆర్ (చదవడానికి మాత్రమే) తోపాటు సరైన ఆఫ్‌సెట్ (పార్టిషన్ మొదలయ్యే బైటు) ఇస్తే ఫైల్‌సిస్టమ్ చెక్కుచెదరకుండా తెరుచుకుంది. ఈ మూడు దుకాణాల్లో ఏ ఒక్కరు ఎఫ్‌ఎస్‌సీకే నడిపి ఉన్నా కథ వేరే ఉండేది. అన్నట్టు, కొన్ని పెట్టెలు డేటాను తామే ఎన్‌క్రిప్ట్ చేస్తాయి. వాటి బోర్డును పారేయకండి, అది లేకుండా డిస్కు తెరవడం చాలా కష్టం.

ఇమేజ్ తీయడం

దీనికి గ్నూ డీడీరెస్క్యూ వాడండి. మామూలు డీడీ వద్దు, మొదటి లోపం దగ్గరే ఆగిపోతుంది. దాన్ని ఆగకుండా సాగించే ఆప్షన్లు ఇచ్చినా ఎక్కడ ఏం పోయిందో తర్వాత చెప్పలేదు. డీడీరెస్క్యూకు మూడు పేర్లు ఇవ్వాలి. ఒకటి చదవాల్సిన డిస్కు (పార్టిషన్ కాదు, మొత్తం డిస్కు), రెండోది రాయాల్సిన ఇమేజ్ ఫైలు, మూడోది మ్యాప్ ఫైలు. ఈ మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. మ్యాప్ ఫైలు ఉంటేనే మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టగలరు. మొదటి విడతలో -ఎన్ ఇవ్వండి, కష్టమైన చోట్లను గీకుతూ కూర్చోకుండా తేలికగా వచ్చేదంతా తెచ్చుకుంటుంది. రెండో విడతలో -ఎన్ తీసేసి -డీ, -ఆర్3 ఇచ్చి అవే ఫైళ్లతో మళ్లీ నడపండి, మిగిలిన చోట్లకే వెళ్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్కు విషయంలో ఈ వరుస ముఖ్యం.

4 టీబీ డిస్కుకు 4 టీబీ డిస్కులో ఇమేజ్ ఫైలు పట్టదు, ఇంకాస్త పెద్దది కొనాలి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు కనుక కొత్త డిస్కును ఈఎక్స్‌టీ4గానో ఎక్స్‌ఎఫ్‌ఎస్‌గానో ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ చేసేది ఏ డిస్కునో సీరియల్ నంబరు చూసి మరీ నిర్ధారించుకోండి. ఆరోగ్యంగా ఉన్న డిస్కు సెకనుకు 100 ఎంబీ వేగంతో చదివినా 4 టీబీకి పదకొండు గంటలు పడుతుంది. చెడిన డిస్కు అయితే రోజులు. యూపీఎస్ ఉంటే దాని మీద పెట్టండి.

ఇమేజ్ వచ్చాక దాన్ని కూడా నేరుగా ముట్టుకోను. ఇమేజ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ లేదా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీద ఉంటే సీపీ ఆదేశానికి రీఫ్లింక్ ఆప్షన్ ఇచ్చి క్షణంలో, దాదాపు అదనపు చోటు లేకుండా రెండో ప్రతి చేసుకోవచ్చు. లేదంటే క్యూఈఎమ్‌యూ-ఐఎమ్‌జీతో ఆ ఇమేజ్‌ను ఆధారంగా చేసుకుని ఒక క్యూకౌ2 పొర సృష్టించి క్యూఈఎమ్‌యూ-ఎన్‌బీడీతో తెరవండి. మార్పులన్నీ పై పొరలోనే పడతాయి. వికటిస్తే పొరను చెరిపేసి మళ్లీ మొదలుపెట్టడమే.

ఇప్పుడు తెరిచే ప్రయత్నం

మొదటి ప్రయత్నం ఎప్పుడూ చదవడానికే. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ‘ఆర్‌ఓ’ అని ఇచ్చి మౌంట్ చేసినా ఈఎక్స్‌టీ4 జర్నల్‌ను అమలు చేస్తుంది, అంటే డిస్కు మీద రాస్తుంది. నిజంగా రాయకుండా ఉండాలంటే ‘ఆర్‌ఓ,నోలోడ్’ అని రెండూ ఇవ్వాలి. జర్నల్ చెడి మౌంట్ కాని కేసులు ఇక్కడే విడిపోతాయి. మౌంట్ అయితే ఇంకేమీ ఆలోచించకుండా ఫైళ్లన్నీ బయటికి కాపీ చేసుకోండి. చివరి నిమిషాల్లో రాసిన ఫైళ్లు అటూ ఇటూగా ఉండవచ్చు, మిగిలినవి బాగుంటాయి.

కాకపోతే నకళ్ల దగ్గరికి వెళ్దాం. అసలు సూపర్‌బ్లాక్ పార్టిషన్ మొదలు నుంచి 1024వ బైటు దగ్గర ఉంటుంది. ఈఎక్స్‌టీ4 బ్లాకులను గ్రూపులుగా విడగొడుతుంది. నకళ్లు 1వ గ్రూపులోనూ, ఆపైన 3, 5, 7 సంఖ్యల ఘాతాలైన గ్రూపుల్లోనూ ఉంటాయి. మీ డిస్కు లాంటి వాటిలో బ్లాకు 4096 బైట్లు, గ్రూపుకు 32768 బ్లాకులు. అంటే నకళ్లు 32768, 98304, 163840, 229376, 294912 ఇలా దొరుకుతాయి. వీటిని కనుక్కోవడానికి ఎంకేఈ2ఎఫ్‌ఎస్ -ఎన్ నడపమని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. నేను ఆ సలహా ఇవ్వను. కంగారులో ఆ ఒక్క -ఎన్ మరిస్తే అది ఫార్మాట్ ఆదేశం. పైన ఇచ్చిన అంకెలతోనే దాదాపు ఎప్పుడూ పని జరుగుతుంది.

ముందు పరీక్ష: ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎన్, -బీ 32768, పెద్ద అక్షరం -బీ 4096. ఈ -ఎన్ ఉంటే అది ఏదీ రాయదు, ఏం చేయాలనుకుంటోందో మాత్రం చెబుతుంది. అది చెప్పేదంతా ఒక ఫైలులోకి పట్టి ఓపిగ్గా చదవండి. నా అనుభవంలో మొత్తం పనిలో విలువైన అరగంట ఇదే. బిట్‌మ్యాప్ (ఏ బ్లాకు వాడుకలో ఉందో చూపే పట్టిక) తేడాలు, ఖాళీ బ్లాకుల లెక్క తప్పు, కొన్ని అనాథ ఐనోడ్‌లు కనిపిస్తే భయం లేదు. -ఎన్ జర్నల్‌ను అమలు చేయదు కనుక ఉన్నదానికంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది కూడా. అలా కాకుండా వేల వరుసల్లో ‘చెల్లని బ్లాకులు’ అనీ, రూట్ డైరెక్టరీయే డైరెక్టరీ కాదనీ అంటుంటే అక్కడ ఆగిపోండి. చాలాసార్లు అది పాడైన ఫైల్‌సిస్టమ్ కాదు, తప్పు చోట మొదలుపెట్టిన ఫైల్‌సిస్టమ్. ఆఫ్‌సెట్ తప్పి ఉంటుంది, లేదా అది రెయిడ్‌లో (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి) ఒక ముక్క అయి ఉంటుంది. దాన్ని ‘బాగు’ చేస్తే నిజంగా పాడవుతుంది.

నకలుతో మౌంట్ కూడా ప్రయత్నించవచ్చు. ‘ఎస్‌బీ=’ ఆప్షన్ 1024 బైట్ల లెక్కలో ఉంటుంది కనుక 32768 అని కాక దానికి నాలుగింతలు, 131072 అని ఇవ్వాలి. ఇక్కడ తప్పిపోయేవారు చాలామంది.

మరమ్మతుకు దిగే ముందు ఇంకో దారి ఉంది, నాకు చాలా ఇష్టమైనది: డీబగ్‌ఎఫ్‌ఎస్ -సీ. ఇది బిట్‌మ్యాప్‌లను చదవకుండా, రాయడానికి వీల్లేకుండా ఫైల్‌సిస్టమ్‌ను తెరుస్తుంది. కెర్నల్ మౌంట్ చేయనన్న వాటిని కూడా ఇది తరచుగా తెరుస్తుంది. సూపర్‌బ్లాక్ నకలును దీనికీ ఇవ్వవచ్చు: -బీ 4096, -ఎస్ 32768. లోపలికి వెళ్లి ఎల్‌ఎస్ అని చూడండి, ఫోల్డర్ల పేర్లు కనిపిస్తే ఆర్‌డంప్ ఆదేశంతో ఒక్కో ఫోల్డర్‌ను బయటికి లాగండి. ఒక చిన్న స్టూడియో డిస్కులో ఒకే ఫోల్డర్ ఐనోడ్‌ను తుడిచేస్తానని ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎన్ చెప్పింది. ఆ సంవత్సరం పెళ్లిళ్లన్నీ అందులోనే. ముందుగా ఆర్‌డంప్‌తో లాగితే రెండు మూడు ఫైళ్లు మినహా అన్నీ పేర్లతో సహా వచ్చాయి. ఆ తర్వాత మరమ్మతు చేసి చూస్తే ఫోల్డర్ నిజంగానే పోయింది.

ఇప్పుడు మాత్రమే, ఆ పై పొర మీద, ‘-వై’. మళ్లీ మళ్లీ నడపండి, ఇక సరిదిద్దడానికి ఏమీ లేదని చెప్పేవరకు. తర్వాత లాస్ట్+ఫౌండ్ చూడండి. అందులో దొరికినవి పేర్లు పోయి, హాష్ గుర్తు పక్కన ఐనోడ్ అంకెతో ఉంటాయి. ఫోల్డర్లు అలా దొరికితే సంతోషించండి, వాటి లోపలి ఫైళ్ల పేర్లు మామూలుగానే ఉంటాయి. ఈఎక్స్‌టీ4 పై స్థాయి ఫోల్డర్లను కావాలనే డిస్కంతా విడివిడిగా సర్దుతుంది. అందుకే డిస్కు మొదట్లో ఏదైనా రాసేసి రూట్ డైరెక్టరీ పోయినా, చాలా ఫోల్డర్లు లాస్ట్+ఫౌండ్‌లో పూర్తిగా బతికి కనిపిస్తాయి. పొరపాటున ఉబుంటు ఐఎస్‌ఓను పెన్‌డ్రైవ్ బదులు డేటా డిస్కు మీదికి రాసిన ఒక విద్యార్థి కేసు ఇలాగే తేలింది. మొదటి కొన్ని జీబీల్లో ఉన్నవి పోయాయి, మిగతాదంతా దొరికింది. పేర్లు లేకుండా మిగిలిన ఫోటోలకు ఎగ్జిఫ్‌టూల్‌తో తీసిన తేదీని బట్టి పేర్లు పెట్టుకోవచ్చు.

ఫోటోరెక్ ఆఖరున. అది ఫైల్‌సిస్టమ్‌ను పట్టించుకోకుండా జేపెగ్, వీడియో గుర్తులను వెతుకుతుంది. పేర్లు, ఫోల్డర్లు, వరుస ఏవీ ఉండవు, ముక్కలైన పెద్ద వీడియోలు సగం సగం వస్తాయి. లక్ష ఫోటోలను పేర్లు లేకుండా చూసుకోవడం ఎంత పనో ఒకసారి చేసినవారికి తెలుస్తుంది.

మీది ఈఎక్స్‌టీ4 కాకపోతే పైవాటిలో ఇమేజ్ వరకు అన్నీ వర్తిస్తాయి, ఆపైన దారి మారుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఎక్స్‌ఎఫ్‌ఎస్_రిపేర్ -ఎన్ ముందు. దాని పెద్ద అక్షరం -ఎల్ ఆప్షన్ లాగ్‌ను సున్నా చేస్తుంది, మౌంట్ చేసి లాగ్‌ను అమలు చేయించడం ఏ విధంగానూ కుదరదని తేలాకే దాన్ని వాడాలి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో ‘చెక్ --రిపేర్’ను మొదట ముట్టుకోకండి, దాన్ని రాసినవారే వద్దని హెచ్చరిస్తారు. ‘బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రిస్టోర్’ మౌంట్ చేయకుండానే ఫైళ్లను బయటికి తీస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే ఇమేజ్ తీసుకున్నాక విండోస్‌లో చెక్‌డిస్క్ నడపండి. లైనక్స్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ చేసేది చాలా కొంచెమే. రెయిడ్ అయితే ఎండీఆడ్మ్‌కు క్రియేట్ ఆదేశం ఇవ్వడానికి ముందు ఎవరినైనా అడగండి. డిస్కుల వరుస తప్పితే తిరిగి రావడం కష్టం.

డేటా దొరికాక 197 సున్నా కాని డిస్కును ఫార్మాట్ చేసి మళ్లీ వాడదామని అనిపిస్తుంది. వద్దు. సినిమాలు దాచుకోవడానికి కూడా వద్దు.

ఇంకా సాయం కావాలంటే ఈ నాలుగూ పంపండి: డిస్కు పెట్టగానే వచ్చే డీమెసేజ్ చివరి నలభై వరుసలు, ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ చూపించేది, స్మార్ట్‌సీటీఎల్ పట్టిక, నకలు సూపర్‌బ్లాక్‌తో ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎన్ ఇచ్చిన మొదటి వంద వరుసలు. చివరిది ఇమేజ్ మీద నడిపినదే కావాలి. 197, 198 రెండూ సున్నాలైతే ఇమేజ్‌కు ముందే మొదటి మూడూ పంపినా ఫరవాలేదు. లేకపోతే డిస్కు తీసి ఉంచి, పెద్ద డిస్కు తెచ్చుకున్నాకే మళ్లీ కరెంటు ఇవ్వండి.